క్రాన్లీ గట్టెక్కుతాడట

ఇల్లు వెచ్చబెట్టే ఫర్నెస్ ఆగితే గానీ ఆ ఆల్బం మొదలైందో లేదో మాకు తెలిసేది కాదు.

2002 చలికాలం. టొరంటోలో డండాస్ స్ట్రీట్‌కి దగ్గర్లో ఒక పోర్చుగీసు కుటుంబం ఇంటి కింద బేస్‌మెంట్. నా మంచానికీ ఫర్నెస్‌కీ మధ్య అడ్డం ఒక్క ప్లైవుడ్ చెక్క. దాన్ని నడిపే థర్మోస్టాట్ ఏమో పైన వాళ్ల హాల్లో ఉంది. అంటే మాకెంత చలేసినా, పైవాళ్లకి చలేసేదాకా ఆగాల్సిందే. చివరికి వాళ్లకీ చలేసేది. అప్పుడు చెక్క వెనకాల టక్కున ఒక చప్పుడు, గ్యాస్ భగ్గుమని అంటుకున్న చప్పుడు, ఆ తర్వాత పావుగంట సేపు ఒకే శ్రుతిలో హూ అని. ఆ హూ ఎక్కడ ఆగుతుందో, సీడీలో హూ ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. మొదటిసారి విన్నప్పుడు ప్లేయర్ పాడైందనుకుని మూత తీసి చూశాను. డిస్క్ బుద్ధిగా తిరుగుతూనే ఉంది.

బ్రోకెన్ సోషల్ సీన్ అనే టొరంటో బ్యాండ్ వాళ్ల మొదటి ఆల్బం అది. పేరు ‘ఫీల్ గుడ్ లాస్ట్’. 2001లో నాయిస్ ఫ్యాక్టరీ అనే చిన్న రికార్డుల కంపెనీ నుంచి వచ్చింది. ఇండీ రాక్, అంటే ఇలాంటి చిన్న కంపెనీల రాక్ సంగీతం, వినేవాళ్లలో కూడా ఈ ఆల్బం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఆ గుంపు పేరెత్తితే అందరూ 2002లో వచ్చిన రెండోదాని దగ్గర మొదలుపెడతారు. నేను మొదటిదాని దగ్గరే ఆగిపోయాను. ఎందుకో చెప్పాలంటే మఫిన్ల దగ్గర్నుంచి రావాలి.

నేను ల్యాండెడ్ ఇమిగ్రెంట్‌గా, అంటే శాశ్వత నివాసానికి అనుమతితో, టొరంటోలో దిగింది 2001 ఆగస్టులో. చేతిలో ఇంజనీరింగ్ డిగ్రీ, నాలుగేళ్ల అనుభవం, మూడు నెలలకి సరిపోతాయనుకున్న డబ్బు. దిగిన మూడో వారంలో సెప్టెంబర్ 11. అప్పటికే టెలికాం రంగం కుప్పకూలుతోంది. నార్టెల్ అనే కంపెనీ ఒక్కటే ఆ ఏడాది పదుల వేల మందిని ఇంటికి పంపింది. వాళ్లందరూ వెతుకుతున్న ఉద్యోగాలే నేనూ వెతుకుతున్నాను. పైగా వాళ్లకి ఇక్కడి అనుభవం ఉంది. నాకు ఫోన్ చేసిన ప్రతివాళ్లూ మర్యాదగా అడిగే ప్రశ్న ఒకటే: “కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ ఉందా?” అది లేకపోతే ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం లేకపోతే అది రాదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టు.

డబ్బు నవంబర్‌కే అయిపోయింది. ఒక ఏజెన్సీ వాళ్లు నన్ను ఊరి పశ్చిమాన ఉన్న బేకరీ ఫ్యాక్టరీకి పంపారు. రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడు దాకా మఫిన్ల ప్యాకింగ్. గంటకి 6 డాలర్ల 85 సెంట్లు. ఒంటారియోలో అప్పటి కనీస వేతనం అదే, 1995 నుంచీ మారలేదని లైన్ మీద పాతకాపులు చెప్పేవాళ్లు. బ్లూబెర్రీ మఫిన్లు వాసనకి బాగుంటాయి, మొదటి గంట వరకు.

లైన్‌లో నా పక్కన నిలబడేవాడు ఉత్తరాన సడ్‌బరీ అనే గనుల ఊరి నుంచి వచ్చిన కుర్రాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. గడ్డం, ఉన్ని టోపీ, దాని మీద ఫ్యాక్టరీ వాళ్లిచ్చిన వలలాంటి టోపీ. పగలు ఏదో బ్యాండ్‌లో గిటార్ వాయిస్తాడు, రాత్రి మఫిన్లు సర్దుతాడు, ఎప్పుడు నిద్రపోతాడో తెలీదు. మొదటి నెల మేం మాట్లాడుకున్నది ట్రేల లెక్క గురించే. ఒకరోజు బ్రేక్‌లో నా చెవికి ఒక ఇయర్‌ఫోన్ పెట్టాడు, అడక్కుండానే. గిటార్ నాలుగు స్వరాలు పలికి ఊరుకుంది. ఆ నాలుగే వెనక నుంచి మళ్లీ వినిపించాయి, కాస్త మెల్లగా. మళ్లీ, ఇంకా మెల్లగా.

ఇదెలా చేస్తారని అడిగాను. డిలే అన్నాడు. నాకర్థం కాలేదని మొహం చూసి గ్రహించి, బెల్టు వైపు చూపించాడు. “ఒక ట్రే వెళ్లిపోయింది కదా. అదే ట్రే మళ్లీ వచ్చిందనుకో, కొంచెం చిన్నదై. మళ్లీ వచ్చింది, ఇంకొంచెం చిన్నదై. చివరికి ట్రే ఉండదు, వాసనే ఉంటుంది.” నేను ఇంజనీర్ని. సిగ్నల్స్ మీద రెండు సెమిస్టర్లు చదివాను. ఎకోని ఇంత బాగా నాకెవరూ చెప్పలేదు.

ఆ పొద్దున షిఫ్ట్ అయ్యాక బస్‌స్టాప్‌లో సీడీ తీసి నా చేతిలో పెట్టాడు. “విను. మళ్లీ ఇచ్చెయ్” అన్నాడు. “ఇది బేస్‌మెంట్‌లో రికార్డ్ చేసింది, నువ్వుండేదీ బేస్‌మెంటే కదా” అని నవ్వాడు. దాన్ని కెవిన్ డ్రూ, బ్రెండన్ క్యానింగ్‌తో కలిసి రికార్డ్ చేశాడు. ఆ మాటకొస్తే అప్పటికి బ్యాండ్ అంటే వాళ్లిద్దరే. స్నేహితులు వచ్చి తలో చెయ్యీ వేశారు: జస్టిన్ పెరాఫ్, చార్ల్స్ స్పియరిన్, ఇవాన్ క్రాన్లీ, జెస్సికా మాస్, బిల్ ప్రిడిల్, లెస్లీ ఫైస్ట్. అట్టలోపల ఈ పేర్లు చదివినప్పుడు నాకు ఒక్కరూ తెలీదు. ఆ ఫైస్టే తర్వాత ఆరేళ్లకి ఐపాడ్ ప్రకటనలో పాడి లోకమంతా తిరుగుతుందని ఎవరనుకున్నారు!

ఇక మా బేస్‌మెంట్ సంగతి. అద్దె పంచుకోవడానికి నాతో ఇంకొకడు ఉండేవాడు. భీమవరం వాడు, పరిచయమైన ఐదో నిమిషంలో ఎవరినైనా “బావా” అనేస్తాడు, ఇంటి ఓనర్ని తప్ప. ఆయన్ని కూడా ఒకసారి అన్నాడు గానీ ఆయనకి అర్థం కాలేదు. వాడిదీ నా కథే, కాకపోతే వాడు మఫిన్లు కాదు, గిడ్డంగిలో పెట్టెలు మోసేవాడు. కిటికీ అని చెప్పుకునే అడుగున్నర అద్దం నేలకి సమానంగా ఉండేది. స్నో పడితే అదీ మూసుకుపోయేది. పడనప్పుడు రోడ్డు మీద వెళ్లేవాళ్ల బూట్లు కనిపించేవి. మావాడు బూట్లు చూసి మనిషికి నెలజీతం ఎంతో చెప్పేవాడు.

తాలింపు వేస్తే స్మోక్ అలారం మోగేది. అందుకని ఒకడు పోపు వేస్తుంటే ఇంకొకడు కుర్చీ ఎక్కి అలారం కింద అట్టముక్కతో విసరాలి. ఆ రోజు విసిరే వంతు నాది. చేతిలో అట్ట, టేపురికార్డర్ కమ్ సీడీ ప్లేయర్‌లో కొత్త డిస్క్. పైన పోర్చుగీసు మామ్మగారికి వినపడకుండా సౌండ్ తగ్గించి పెట్టాను.

ఐదు నిమిషాలు గడిచాయి. పోపు మాడలేదు, అలారం మోగలేదు, పాటా మొదలవ్వలేదు.

“ఏంటి బావా ఇది?”

“ఆల్బం.”

“అదే, పాట ఎప్పుడొస్తది?”

“ఇదే పాట.”

వాడు గరిటె పట్టుకుని ఇంకాసేపు విన్నాడు. “కచేరీకి ముందు తంబురా సరిచేసుకుంటారు చూడు, అట్టా ఉంది. సరిచేసుకోవడం అయ్యాక చెప్పు, వచ్చి వింటా.”

వాడన్నదాంట్లో అబద్ధం లేదు. ఆ ఆల్బంలో ఆలాపన ఉంది, కీర్తన లేదు. దాదాపు అంతా వాద్యమే. ఎక్కడో ఒకచోట గొంతు వస్తుంది, అదీ పక్క గదిలో ఎవరో తమలో తాము అనుకుంటున్నట్టు. పన్నెండు ట్రాకుల్లో మధ్యలో రెండు మూడింటిని నేనిప్పటికీ ఒకదాన్నుంచి ఇంకోదాన్ని విడదీసి చెప్పలేను. ఇది గొప్ప ఆల్బం అని ఎవరితోనూ వాదించను కూడా. ‘గిల్టీ క్యూబికిల్స్’ మాత్రం వేరు. గిటార్ తీగల మీద వేళ్లు జరిగే చప్పుడు కూడా వినిపించేంత దగ్గరగా, తొందరేం లేకుండా నడుస్తుంది. రాత్రంతా నిలబడి వచ్చాక, కాళ్లు గోడకి ఆనించి పైకి పెట్టుకుని అది వినేవాణ్ని. మడమల్లోంచి రక్తం కిందికి దిగడం తెలిసేది. 2006లో ‘హాఫ్ నెల్సన్’ అనే సినిమాలో ఆ ట్రాకు హఠాత్తుగా వినపడితే, సినిమా సంగతి మర్చిపోయి మడమలు తడుముకున్నాను.

ట్రాకుల పేర్లే మాకు పెద్ద కాలక్షేపం. మొదటిదాని పేరు ‘ఐ స్లెప్ట్ విత్ బొనోమ్ ఎట్ ద సీబీసీ’. సీబీసీ అంటే తెలుసు, ఇక్కడి ప్రభుత్వ రేడియో, టీవీ, మన ఆకాశవాణి, దూరదర్శన్ లాగా. ఈ బొనోమ్ ఎవరు? సడ్‌బరీ కుర్రాణ్ని అడిగితే పడీపడీ నవ్వాడు. క్యూబెక్ వింటర్ కార్నివాల్‌లో ఎర్ర టోపీ పెట్టుకుని తిరిగే తెల్లటి మంచుబొమ్మట. నేను అది ఏదో ప్రేమ వ్యవహారం అనుకుని నెల రోజులు సీరియస్‌గా విన్నాను.

ఆల్బం పేరు కూడా మాకు కొరుకుడు పడలేదు. ‘ఫీల్ గుడ్ లాస్ట్’. హాయి పోయింది అనా, తప్పిపోయినా హాయిగానే ఉంది అనా? మావాడు మొదటిదానికి ఓటేశాడు, నేను రెండోదానికి. ఆ చలికాలం ఎవరి ఓటు ఎటో అనేది పొద్దున పోస్టులో ఏం వచ్చిందన్నదాన్ని బట్టి మారేది.

కానీ అసలు పేరు చివరి ట్రాకుది. ‘క్రాన్లీస్ గొన్నా మేకిట్’. క్రాన్లీ గట్టెక్కుతాడు.

ఈ పేరు మొదట చదివింది మావాడే. సీడీ అట్ట వెనక్కి తిప్పి, కళ్లద్దాలు పైకి తోసి, “ఎవడు బావా ఈ క్రాన్లీ?” అన్నాడు. తెలీదన్నాను. “ఎవడైతేనేం, గట్టెక్కుతాడట. అదృష్టవంతుడు.” ఆ రోజు వాడికి ఒక ఇంటర్వ్యూ పోయింది. ఫోన్ పెట్టేసి బూట్లు కూడా విప్పకుండా మంచం మీద కూర్చుని, “క్రాన్లీ ఈసారి కూడా గట్టెక్కలేదు బావా” అన్నాడు. ఇద్దరం ఎంత నవ్వామంటే, పైన మామ్మగారు కాలితో నేలని రెండుసార్లు తన్నింది. అది ఆవిడ సిగ్నల్. ఒకసారి తంతే బట్టల మెషిన్ ఖాళీ అయిందని. రెండుసార్లయితే నోరు మూసుకోమని.

అప్పట్నుంచి మా ఇంట్లో ఉద్యోగం అనే మాట వాడడం మానేశాం. క్రాన్లీ అనేవాళ్లం. “పొద్దున క్రాన్లీ ఉంది, ఇస్త్రీ పెట్టె ఎక్కడ?” “ఫలానా కంపెనీ వాళ్లు ఫోన్ చేశారా?” “చేశారు. క్రాన్లీకి కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ లేదన్నారు.” ఇంటికి ఫోన్ చేసినప్పుడు కూడా మావాడు వాళ్లమ్మతో, “నాకేం పర్లేదమ్మా, ఇక్కడ క్రాన్లీ అని మా ఫ్రెండు ఒకడు కొంచెం ఇబ్బందుల్లో ఉన్నాడు” అని చెప్పడం నా చెవులతో విన్నాను. ఆవిడ పాపం ఆ అబ్బాయి కోసం మావుళ్లమ్మకి మొక్కుకుందట.

క్రాన్లీ అంటే అట్టలో పేరున్న ఆ ఇవాన్ క్రాన్లీయే అయ్యుండాలని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. స్టార్స్ అనే బ్యాండ్‌లో ఉంటాడు. అతను గట్టెక్కాడు, సందేహం లేదు.

సడ్‌బరీ కుర్రాడు మాత్రం మార్చి నెలలో ఒక సోమవారం రాత్రి లైన్‌కి రాలేదు. మంగళవారం రాలేదు. గురువారం అతని చోట ఇంకెవరో నిలబడ్డారు. సూపర్‌వైజర్ని అడిగితే భుజాలెగరేశాడు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే, మనుషుల నంబర్లు ఇవ్వం అన్నారు. నికెల్ గనుల్లో వాళ్ల నాన్న ఉన్నాడని ఒకసారి చెప్పాడు గుర్తు, ఇంటికి వెళ్లిపోయాడేమో. లేక ఆ బ్యాండ్ ఎక్కడికైనా టూర్‌కి వెళ్లిందేమో. నా దగ్గర అతని సీడీ ఉండిపోయింది. “మళ్లీ ఇచ్చెయ్” అన్న మాట కూడా. నెల రోజులు దాన్ని బ్యాగులో పెట్టుకుని షిఫ్టుకి వెళ్లాను, ఒకవేళ వస్తాడేమోనని.

ఇంతలో ఆ ఇద్దరు మనుషుల బ్యాండ్ గుంపైపోయింది. ఇందులో నాకు నచ్చే తిరకాసు ఒకటుంది. ఈ మొదటి ఆల్బం అంత మెత్తగా, మాటల్లేకుండా ఉండబట్టే ఆ గుంపు పుట్టింది. దీన్ని స్టేజి మీద వాయించాలంటే ఏం చేస్తారు? బార్లో బీరు తాగుతూ నిలబడ్డవాళ్ల ముందు ఇద్దరు మనుషులు తల వంచుకుని గంటసేపు డిలే పెడల్స్ తొక్కుతుంటే ఎవరు చూస్తారు? అందుకని డ్రూ, క్యానింగ్ ఊళ్లో స్నేహితుల్ని పిలిచారు, మీరు పాడండి, మీరు వాయించండి అని. ఆండ్రూ వైట్‌మన్, జేసన్ కోలెట్, మెట్రిక్ బ్యాండ్ నుంచి ఎమిలీ హేన్స్. ఫైస్ట్ ఎలాగూ ఉంది. వచ్చినవాళ్లందరికీ వేరే బ్యాండ్లు ఉన్నాయి, ఎవరూ వాటిని వదులుకోలేదు. ఖాళీ ఉన్నవాళ్లు వస్తారు. ఒక రాత్రి స్టేజి మీద ఆరుగురు, ఇంకో రాత్రి పదిహేను మంది. మన పల్లెల్లో భజన బృందం కూడా ఇలాగే నడుస్తుంది కదా. తాళాలు ఎవరి చేతికొస్తే వాళ్లవి.

ఆ గుంపు చేసిన ఆల్బమే ‘యు ఫర్‌గాట్ ఇట్ ఇన్ పీపుల్’. 2002 అక్టోబర్‌లో వచ్చింది. పిచ్‌ఫోర్క్ అనే సంగీత సమీక్షల వెబ్‌సైట్ వాళ్లు పదికి 9.2 వేశారు. ఆ తర్వాతి ఏడు ఆల్టర్నేటివ్ విభాగంలో జూనో అవార్డు, కెనడా వాళ్ల సంగీత పురస్కారం, వచ్చింది. కాలేజ్ స్ట్రీట్‌లో ఏ కాఫీ షాపుకెళ్లినా అదే మోగేది. నేనూ కొన్నాను, రెండు గంటల పైచిలుకు మఫిన్లు ఖర్చుపెట్టి. బాగుంది. బాగుంది అంటే నిజంగా బాగుంది, ఎమిలీ హేన్స్ పాడిన పాట విన్న రోజు స్టాప్ దాటిపోయి రెండు స్టాపులు వెనక్కి నడిచాను. కానీ అది విందు జరుగుతున్న ఇల్లు. ఎటు చూసినా మనుషులు, ఒకరి మాట మీద ఒకరు మాట. నేను కాస్త ఆలస్యంగా వెళ్లి గుమ్మం దగ్గర చెప్పులు ఎక్కడ విడవాలో చూసుకుంటున్నట్టుండేది. మొదటి ఆల్బం అలా కాదు. ఇంకా ఎవరూ రాలేదు. ఇద్దరు కుర్చీలు వేస్తున్నారు. నన్నెవరూ పిలవలేదు గానీ, ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నా ఏమీ అనరు.

506 నంబరు స్ట్రీట్‌కార్ అని ఒకటుంది. కాలేజ్ స్ట్రీట్ మీదుగా తూర్పుకి పోయి జెరార్డ్ స్ట్రీట్ ఎక్కుతుంది. పడమటి కొసన సీడీల షాపులు, తూర్పు కొసన ఇండియా బజార్. శనివారం అటు వెళ్లి కరివేపాకు, కందిపప్పు తెచ్చుకునేవాణ్ని, ఇటు దిగి సీడీలు చూసేవాణ్ని, కొనకుండా. ఒకే టోకెన్, ఒకే సీటు. ఒడిలో కరివేపాకు, చెవిలో మొదటి ఆల్బంలోని ‘లవ్ అండ్ మేథమేటిక్స్’. ఆ ట్రాకుకి బండి కుదుపు కలిస్తే ఇంకా బాగుంటుంది, ఇది నా స్వానుభవం.

2003 జనవరిలో మావాడి క్రాన్లీ గట్టెక్కింది. క్యాల్గరీలో ఉద్యోగం. వెళ్లే రోజు సూట్‌కేసు మెట్ల మీదుగా ఇద్దరం మోశాం. మెట్లు ఎంత ఇరుకంటే సూట్‌కేసు ముందు, వెనక మనిషి. పైన గుమ్మం దగ్గర వాడు ఆగి, “ఆ తంబురా సీడీ జాగ్రత్త బావా” అన్నాడు. ఒక్కసారి కూడా కూర్చుని పూర్తిగా వినలేదు వాడు.

ఆ తర్వాత వసంతంలో సార్స్ అనే అంటువ్యాధి వచ్చింది. ఇంటర్వ్యూలు ఒకటొకటిగా వాయిదా పడ్డాయి. రెండో కుర్చీ ఖాళీ, అలారం కింద విసిరేవాళ్లు లేరు, అందుకని పోపు మానేసి పెరుగన్నం మీదకి వచ్చాను. ఆ నెలల గురించి చెప్పడానికి ఏమీ లేదు.

ఆగస్టు 14 గురించి చెప్పాలి. సాయంత్రం నాలుగు దాటి పది నిమిషాలకి కరెంటు పోయింది. బేస్‌మెంట్‌లో ఫ్యూజు అనుకున్నాను. పైకి వస్తే వీధంతా బయటే ఉంది. వీధే కాదు, ఒంటారియోలో చాలాభాగం, న్యూయార్క్ దాకా, ఐదు కోట్ల మందికి కరెంటు లేదు. స్ట్రీట్‌కార్లు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. ఎవరో టై కట్టుకున్నాయన చౌరస్తాలో నిలబడి ట్రాఫిక్ నడిపిస్తున్నాడు. ఫ్రిజ్‌లో కరిగిపోతుందని పక్కింటివాళ్లు ఐస్‌క్రీమ్ పంచిపెట్టారు. చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్లాను. మామ్మగారు టమాటా మొక్కల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆకాశం చూస్తోంది. టొరంటోలో అన్ని చుక్కలు నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

ఆవిడ పోర్చుగల్ వాళ్ల అజోర్స్ దీవుల నుంచి పెళ్లయి వచ్చింది. ఆవిడ ఇంగ్లీషు ముప్పై మాటలు, నా పోర్చుగీసు మూడు. నేను మెట్ల మీద కూర్చుని డిస్క్‌మన్, అదే చేతిలో పట్టే సీడీ ప్లేయర్, తీశాను. ఆవిడ చెయ్యి చాపింది. ఏంటో అర్థం కాలేదు మొదట. తర్వాత ఒక ఇయర్‌ఫోన్ ఆ చేతిలో పెట్టాను, తీగ చాలక కుర్చీకి ఆనుకుని నేల మీద కూర్చున్నాను. ‘పాస్‌పోర్ట్ రేడియో’ వస్తోంది. కాసేపు విని, “రేడియో పాడైందా?” అంది. కాదన్నాను. అప్పుడే ఫైస్ట్ గొంతు వచ్చింది, గుసగుసలా, మాటలు పట్టుకోలేనంత సన్నగా. మామ్మగారు చెవి మీద చెయ్యి గట్టిగా అదుముకుంది. పాట అయింది. తర్వాతది కూడా అయింది. బ్యాటరీలు నీరసించి డిస్క్ ఆగిపోయేదాకా ఆవిడ ఇయర్‌ఫోన్ తీయలేదు. తీసి, పావడాకి తుడిచి, నా చేతిలో పెట్టి, రెండు టమాటాలు కోసి ఇచ్చింది. రెండేళ్లు కాళ్లతో మాట్లాడుకున్నాక మేం ఎదురుపడి చేసిన సంభాషణ అదొక్కటే.

అక్టోబర్‌లో నాకు ఉద్యోగం వచ్చింది. క్యాల్గరీకి ఫోన్ చేసి ‘క్రాన్లీ’ అన్నాను, అంతే. అవతల వాడు ఆఫీసులో ఉండి అరిచిన అరుపుకి ఎవరో వచ్చి ఏమైందని అడగడం ఫోన్లో వినిపించింది.

తర్వాత అపార్ట్‌మెంట్, పెళ్లి, కారు. వరసలో అన్నీ వచ్చాయి, వాటి గురించి అందరూ రాస్తారు. ఆ బ్యాండ్‌ని నేను కళ్లతో చూసింది 2009 జులై 11న, హార్బర్‌ఫ్రంట్‌లో. సరస్సులో ఉన్న ఒలింపిక్ ఐలాండ్‌లో జరగాల్సింది. కానీ మున్సిపల్ ఉద్యోగుల సమ్మె. ఫెర్రీలు లేవు, ఊరంతా చెత్త గుట్టలు. చివరికి ఒడ్డు మీదే ఉచితంగా పెట్టేశారు. మా ఆవిడ ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని, “ఇంత వాసనలో ఇంతమంది వచ్చారంటే వీళ్లు గొప్పవాళ్లే అయ్యుండాలి” అంది. నా భుజాల మీద మూడేళ్ల కూతురు. స్టేజి మీద ఎంతమందో లెక్కపెట్టమంటే అది తనకొచ్చిన అంకెలన్నీ చెప్పేసి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. ఫైస్ట్ వచ్చింది, ఎమిలీ హేన్స్ వచ్చింది, జనం వెర్రెత్తిపోయారు. ఆ కచేరీ చుట్టూ అల్లి తర్వాత ఒక సినిమా కూడా తీశారు. అందులో జనాన్ని చూపించినప్పుడల్లా బొమ్మ ఆపి వెతికాను, నాకోసం కాదు.

అక్కడ ఆ రోజంతా చేసిన పని కూడా అదే. గడ్డం, ఉన్ని టోపీ. ఎండాకాలం ఉన్ని టోపీ ఎవరు పెట్టుకుంటారు! అయినా చూశాను. పెట్టుకున్నవాళ్లు కనీసం పదిమంది ఉన్నారు, ఇండీ రాక్ జనం కదా. సీడీ నా బ్యాగులోనే ఉంది. మా ఆవిడకి ఎందుకు తెచ్చానో చెప్పలేదు, సంతకం పెట్టించుకోవడానికి అనుకుంది.

ఆ సీడీ ఇప్పటికీ నా దగ్గరే. ఏడో ట్రాకు దగ్గర గీత పడి తడబడుతుంది. కంప్యూటర్‌లో ఎక్కడ పడితే అక్కడ ఆ ఆల్బం శుభ్రంగా దొరుకుతుంది, వింటాను కూడా. కానీ ఆ తడబాటు లేకపోతే తర్వాతి ట్రాకు తొందరగా వచ్చేసినట్టుంటుంది నాకు. మా ఇంటికి ఇప్పుడు ఫర్నెస్ ఎక్కడో కింద ఉంది, చప్పుడే రాదు. థర్మోస్టాట్ నా ఫోన్‌లో ఉంది.

పోయిన నెల క్యాల్గరీ నుంచి ఫోన్. వాడికి జుట్టంతా పోయింది, “బావా” మాత్రం అలాగే ఉంది. వాళ్లబ్బాయి కంప్యూటర్ సైన్స్ పూర్తి చేసి ఎనిమిది నెలలైందట. రెండు వందల చోట్ల అప్లై చేశాడట. అనుభవం ఉందా అని అడుగుతున్నారట. ఇక్కడే పుట్టి ఇక్కడే చదివినవాడికి కూడా అదే ప్రశ్న. అబ్బాయి గదిలోంచి బయటికి రావడం లేదని, బేస్‌మెంట్‌లోనే ఉంటున్నాడని చెప్పాడు. కాసేపు ఇద్దరం ఏమీ అనలేదు.

“బావా, ఆ తంబురా సీడీ ఉందా ఇంకా?” అన్నాడు.

ఉందన్నాను.

“దాని పేరేంటో మెసేజ్ పెట్టు. మావాడు ఇంట్లో లేనప్పుడు నేనోసారి వింటా.”